పడవ దిగని ముసలామె

జగదేవి డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, బీరువా కింది అరలో పాత చీరల మడతల మధ్య చెయ్యి పెట్టింది. చీరలే తగిలాయి. ఒక్కొక్కటే తీసి మంచం మీద వేసింది. అర ఖాళీ అయింది గాని చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ డబ్బా కనిపించలేదు. దాని చార్జర్ కూడా లేదు.

చార్జర్ కూడా పోయిందంటే ఇది దొంగల పని కాదు. ఇంట్లోవాళ్లే తీశారు.

వాకిట్లో భర్త శ్రీశైల్ బండి కడుగుతున్నాడు. ట్రాక్టర్ల షోరూంలో పని అతనిది. పొద్దంతా ఊళ్లు తిరిగి నౌబాద్‌లో ఇల్లు చేరేసరికి బండికి, మనిషికి కలిపి ఎర్రదుమ్ము పడుతుంది. జగదేవి గడప మీద నిలబడింది.

"గేమ్ డబ్బా చూసినవా?"

"బావకు ఇచ్చొచ్చిన," అన్నాడు అతను తల ఎత్తకుండా. "దవాఖానల పండి పండి పరేషాన్ అయితుండు. ఎంతసేపని ఫోను చూస్తడు? గిది ఇస్తే జర టైం పోతదని."

"నన్నొక మాట అడుగొద్దా?"

"అడిగేదేముంది? కాలిరిగినోనికి ఇచ్చిన. తాగుబోతోనికి ఇయ్యలే గద."

అరుగు మీద అంబమ్మ చాటలో కందులు చెరుగుతోంది. చాట ఆపకుండానే కోడలి వైపు చూసింది. "ఇంటి అల్లుడాయె. కంది మిషన్ కాడ ట్రాక్టర్ మీదికెళ్లి పడి, తొడ బొక్క ఇరిగి పండిండు. ఆయనకంటే ఎక్కువనా నీకు ఆ బొమ్మల డబ్బా? నువ్వేమన్న చిన్న పిల్లవా?"

అల్లుడి పేరు ఖండప్ప. శ్రీశైల్ అక్క ప్రేమల మొగుడు. దుబల్గుండిలో పొలం, దానితో పాటు చిన్న కందుల వ్యాపారం. వాపు తగ్గాక తొడలో రాడ్ వేస్తామని బీదర్లో డాక్టర్లు చెప్పారు. అప్పటిదాకా కదలడానికి లేదు. ఇవన్నీ జగదేవికి తెలుసు. ఆయనకు పూటపూటా టిఫిన్ కట్టేది తనే. కాలిరిగిన మనిషి పేరు చెప్పాక ఇంక ఏం మాట్లాడినా తనే చెడ్డదవుతుంది. 'అందుల ఒక ముసలామె ఉన్నది, ఆమెను నేను పడవ మీద తిప్పుతున్న' అంటే ఈ ఇంట్లో ఎవరికి అర్థమవుతుంది?

లోపలికి వెళ్లి చీరలు మళ్లీ మడత పెట్టింది. ఎప్పుడూ అంత నీటుగా పెట్టదు. అంచుకు అంచు కలిపి, అరచేత్తో అదిమి, ఒకదాని మీద ఒకటి పేర్చింది. అర నిండిపోయింది.

మరునాడు మందుల కంపెనీలో బెల్టు మీద మాత్రల పట్టీలు వస్తూనే ఉన్నాయి. జగదేవి పని అందులో ఖాళీ గుంట ఏదన్నా ఉందేమో చూడటం. కన్ను చూసేలోపే బొటనవేలు పట్టీ మీద జారి చెబుతుంది. బాగున్న పట్టీలను మడిచిన కాగితంతో కలిపి డబ్బాలోకి తోస్తే, పక్కనున్న ఫెబా మూత వేస్తుంది. బెల్టు ఆగదు కాబట్టి చేతులూ ఆగకూడదు. ఒక్క క్షణం ఆగితే పట్టీలు గుట్టపడతాయి, సూపర్‌వైజర్ కన్నడలో కేకేస్తాడు.

మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద టిఫిన్లు విప్పారు. రోజూ ఈ టైంకి జగదేవి నాలుగు ముద్దలు గబగబా తిని గేమ్ డబ్బా తీస్తుంది. చుట్టూ ఆడవాళ్లు చేరతారు. ఆడేది ఆమె ఒక్కతే గాని చూసేది అందరూ.

"ఏమాయె, పడవ ఎక్కడి దాక వచ్చింది?" అన్నది రిబ్కక్క. అందరికంటే పెద్దది ఆమె. మొదట్లో ఈ ఆటలను చూసి మూతి తిప్పుకున్నదీ ఆమే.

"ఇయ్యాల తేలే."

"అయ్యో, నిన్న సుడి కాడ ఆపినవ్ గద!"

ఫెబా మాత్రం జగదేవి ముఖం వైపే చూస్తోంది. ఆ డబ్బా అమ్మింది ఫెబా వాళ్లన్న పాల్. ఊళ్లో సెకండ్ హ్యాండ్ ఫోన్లు, గేములు అమ్ముతాడు. నిరుడు పండగ బోనస్‌తో జగదేవి అది కొన్నాక, కొత్త ఆట ఏది వచ్చినా నాలుగు రోజులు ఆడుకొమ్మని ఇస్తాడు. 'ఆడి ఎట్లుందో చెప్పక్కా, గంతే చాలు' అంటాడు. ఆమె ఫోన్‌లో వాయిస్ పెడుతుంది. మొహమాటం లేకుండా చెబుతుంది. పొలం ఆట ఆడి, "ఇది చేసినోడు పొలం మొఖం చూడలే తమ్మీ. విత్తనమేస్తే ప్రతి గింజ మొలుస్తది, అడివి పంది రాదు, వాన అడిగినప్పుడు వడ్తది. మా ఊరు ధన్నూరల మా నాయిన చూస్తే నవ్వుతడు. గని సాయంత్రం పూట ఆ ఆకాశం రంగు మాత్రం మంచిగ వట్టిన్రు" అన్నది. ఒక ఆదివారం ఫెబా వాళ్లింట్లో టీవీకి పెట్టిన పెద్ద గేములో కార్ల పందెం ఆడింది. "ఆడుతున్నంతసేపు మస్తుగుండె. లేచినంక ఒక్క రోడ్డు యాదికి లేదు" అన్నది. పాల్ ఆ వాయిస్‌లను కొనేవాళ్లకు వినిపిస్తాడని ఫెబా చెప్పినప్పుడు జగదేవి నమ్మలేదు.

సాయంత్రం స్కూటీ తీస్తూ ఫెబా అడిగింది. "ఖరాబైందా అక్కా?"

జగదేవి చెప్పింది. అంత చిన్నదానికి బాధపడటం సిగ్గనిపించి, పక్కకు తిరిగి కొంగు సర్దుకున్నది.

"పోయి అడుగు. నీ చీజ్ నువ్వు అడిగితే తప్పేంది?"

"ఎట్ల అడుగుత? కాలుకు రాళ్ల సంచి కట్టుకొని పండుకున్న మనిషి చేతులకెళ్లి గుంజుకోవాలెనా?"

ఫెబా స్కూటీ స్టార్ట్ చేసింది.

ఆ సాయంత్రం జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు కట్టుకుని భర్త బండి మీద దవాఖానకు వెళ్లింది. వార్డులో ఖండప్ప మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి బరువు కట్టి మంచం చివర నుంచి వేలాడదీశారు. భారీ మనిషి. మంచం ఆయనకు ఇరుకైంది. గరుకు వేళ్ల మధ్య గేమ్ డబ్బా అగ్గిపెట్టెలా కనబడుతోంది. గుండీలు నొక్కుతుంటే టకటకమని చప్పుడు. అంత గట్టిగా నొక్కితే గుండీ లోపలి రబ్బరు పోతుందని జగదేవికి అనిపించింది.

"రా శ్రీశైలూ! ఇగో, నీ పడవ మళ్ల బండకు తాకింది." ఖండప్ప గొంతు వార్డంతా వినిపించింది. "ఎంత దూరం ఆడినవయ్యా! చూస్తివా ప్రేమలా, ఏటికి ఎన్ని ఒడ్లున్నయో అన్నిట్ల దీపాలు పెట్టిండు నీ తమ్ముడు. నాకైతే పడవ నడుమిట్లనే బొంగరమోలె తిరుగుతాంది."

స్టూలు మీద కూర్చున్న ప్రేమల మురిసిపోయింది. "మా తమ్ముడు చిన్నప్పటి సందే గట్ల. ఏది వట్టినా అంతు చూస్తడు."

జగదేవి భర్త వైపు చూసింది. అతను చూడలేదు. బావ కాళ్ల దగ్గర దుప్పటి సరిగ్గానే ఉన్నా దాన్ని మళ్లీ సర్దాడు.

"ఏదో బావా, టైంపాస్‌కు ఆడిన," అన్నాడు.

టిఫిన్ మూత బిగుసుకుపోయింది. జగదేవి దాన్ని పొట్టకు ఆనించి, రెండు చేతులతో తిప్పింది. మూత ఒక్కసారిగా ఊడి పప్పు వేళ్ల మీద చింది కాలింది. గిన్నె కింద పెట్టకుండా రొట్టెలు ప్లేటులో పెట్టి, పప్పు వేసి, ఉల్లిగడ్డ చేత్తో నలిపి పెట్టింది. ఖండప్ప ప్లేటు పొట్ట మీద పెట్టుకున్నాడు గాని ఆట వదల్లేదు.

ఆ ఆటలో పడవ నడిపేది ఒక ఆడమనిషి. ఏటి ఒడ్డున ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. పడవ ఆపితే ఎక్కుతారు. ఎవరూ మాట్లాడరు. తల మీద చిన్న బొమ్మ వస్తుంది. చెట్టు బొమ్మ వస్తే చెట్టున్న ఒడ్డున దించాలి, గుడిసె బొమ్మ వస్తే గుడిసె దగ్గర. దిగినవాళ్లు ఆ ఒడ్డున దీపం పెట్టి పోతారు. ఒక్క ముసలామెకే ఏ బొమ్మా రాలేదు. మూటను ఒళ్లో పెట్టుకుని పడవ వెనక భాగంలో కూర్చుంటుంది. తల మీద మూడు చుక్కలు వస్తాయి, పోతాయి. ఎక్కడికి పోవాలో చెప్పదు. జగదేవి ఆమెను ఎన్నో వారాలుగా తిప్పుతోంది. కొడుకు పోయాడేమో, ఇల్లు మునిగిందేమో, చెప్పుకోలేని దుఃఖమేదో ఉందనుకుంది.

"ఈ ముసల్ది ఒక్కతి దిగుతలేదు," అన్నాడు ఖండప్ప రొట్టె తుంచుతూ. "వట్టి బరువు. ఏదన్న ఒడ్డుకు దించేస్త."

"దించకుండ్రి అన్నా!"

నోటి నుంచి వచ్చేశాక గాని జగదేవికి తెలియలేదు ఎంత గట్టిగా అన్నదో. ప్రేమల తల తిప్పింది. పక్క మంచం వాళ్లు కూడా చూశారు. ఈ ఇంటికి కోడలై వచ్చినప్పటి నుంచి ఖండప్పతో ఆమె మాట్లాడినవి 'ఇంకో రొట్టె ఎయ్యాల్నా అన్నా' లాంటివే.

"ఎందుకు దించొద్దు?" అన్నాడు ఆయన. రొట్టె ముక్క చేతిలోనే ఉంది.

"ఆమె ఎనుక కూసుంటే పడవ జర నిలవడ్తది. సుడి కాడ."

"నేనే చెప్పిన ఇంట్ల," అన్నాడు శ్రీశైల్ వెంటనే. "ఆడుకుంట చెప్తుంటి. యాది పెట్టుకున్నది."

ఖండప్ప ఒకసారి బామ్మర్దిని, ఒకసారి అతని భార్యను చూశాడు. రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. "అయితే రేపొచ్చి ఆ సుడి దాటిచ్చి సూపెట్టు శ్రీశైలూ. నా తోని అయితలేదు," అన్నాడు.

మరునాడు పొద్దున జగదేవి రొట్టెలు చేస్తుంటే శ్రీశైల్ వంటింటి గడపలో గొంతుక్కూర్చున్నాడు. షేవింగ్ చేసుకుని, షోరూం చొక్కా వేసుకుని ఉన్నాడు. మామూలుగా ఈ టైంకి చాయ్ అని కేకేస్తాడే తప్ప వంటింట్లోకి రాడు.

"ఆ సుడి దాటుడు ఎట్లనో చెప్పు."

జగదేవి పిండి ముద్దను పీట మీద తట్టడం మొదలుపెట్టింది. అరచేయి కింద రొట్టె తిరుగుతూ పెద్దదవుతోంది. "నువ్వే ఆడినవంటివి గద."

"నలుగుట్ల ఏమనాలె మరి? నా పెండ్లాం వీడియో గేమ్ ఆడుతదని చెప్పాలెనా? అక్క నవ్వుతది. బావ ఊరంత చెప్పుకుంట తిరుగుతడు. ఇజ్జత్ పోదా?"

"నువ్వు ఆడినవంటే ఇజ్జత్ పోదా?"

"మొగోడు ఆడుతడు. ఎవరేమంటరు?"

రొట్టెను రెండు చేతులతో ఎత్తి పెనం మీద వేసింది. తడిచేత్తో పైన నీళ్లు రాసింది. అతను కొట్లాటకు రాలేదని, ఉన్నమాటే చెబుతున్నాడని ఆమెకు అర్థమైంది. అందుకే ఇంకా కష్టంగా ఉంది. తను ఆడే ఆట అతనికి దాచవలసిన జబ్బులాంటిది. గడిచిన ఏడాదిలో 'ఏం ఆడుతున్నవ్' అని ఒక్కసారి అడగలేదు. ఆమె ఆడుతుంటే టీవీ సౌండ్ పెంచేవాడు.

"సుడి కాడ ఏం చెయ్యొద్దు," అన్నది. "పడవ తిరగవట్టంగనే రెండు చేతులు గుండీల మీదికెళ్లి తియ్యాలె. దాని అంతట అదే ఒక చుట్టు తిరిగి బయటికొస్తది."

"ఏం చెయ్యకుంటే ఎట్ల దాటుతది?"

"గంతే. చేతులు తియ్యాలె."

"ఉల్టా చెప్తున్నవా? నన్ను బావ ముంగట బేకార్ చేద్దామని?"

జగదేవి రొట్టె తిరగేసింది. "నమ్మితే నమ్ము. లేకుంటే లేదు," అన్నది.

సాయంత్రం అంబమ్మ కూడా వచ్చింది, వాళ్ల బండి వెనకే ఆటోలో. కూతురి కోసం ఒక సంచి నిండా పేలాలు, బెల్లం తెచ్చింది. వార్డులో పొద్దుటి ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. ఖండప్పకు గడ్డం పెరిగింది గాని ముఖం హుషారుగా ఉంది. బామ్మర్ది రాగానే డబ్బా అతని చేతిలో పెట్టి, దిండు మీద కాస్త పైకి జరిగాడు.

"కానీ. సుడి ముంగటనే ఆపి పెట్టిన."

శ్రీశైల్ మంచం అంచున కూర్చున్నాడు. డబ్బాను ఎక్కడ పట్టుకోవాలో తెలియక ముందు తలకిందులుగా పట్టుకున్నాడు. నవ్వి తిప్పుకున్నాడు. జగదేవి మంచం వెనక, కిటికీకి ఆనుకుని నిలబడింది. అక్కడి నుంచి డబ్బా అద్దం కనబడుతోంది. పడవ, వెనక ముసలామె, ముందు నల్లగా తిరుగుతున్న నీళ్లు.

పడవ సుడి అంచుకు వచ్చింది. తిరగడం మొదలైంది. శ్రీశైల్ నిజంగానే చేతులు తీశాడు. అతను తన మాట విన్నాడని జగదేవి ఆశ్చర్యపోయింది. పడవ సగం చుట్టు తిరిగింది. ముక్కు సుడి లోపలికి వంగింది. అక్కడే ఎవరికైనా భయం పుడుతుంది. మొదటిసారి ఆమెకూ పుట్టింది.

"పోతాంది, పోతాంది!" అని ప్రేమల అరిచింది.

శ్రీశైల్ వేళ్లు ఆగలేదు. ఉన్న గుండీలన్నీ నొక్కేశాడు. పడవ ముక్కు పైకి లేచింది, పక్కకు ఒరిగింది, బోర్లా పడింది. అద్దమంతా నీలమైపోయింది. కాసేపటికి పడవ నడిపే ఆమె ఒక్కతే ఖాళీ పడవతో ఇసుక ఒడ్డున తేలింది. వెనక భాగంలో ఎవరూ లేరు.

"డబ్బా పాతదైంది బావా," అన్నాడు శ్రీశైల్ చెవులు ఎర్రబడగా. "గుండీలు అతుక్కుంటున్నయ్. లేకుంటే దాటేదే."

జగదేవి ఆ ఖాళీ చోటునే చూస్తోంది. ఇన్ని వారాలు ఒడ్డు ఒడ్డుకూ తిప్పి, రాళ్లకు తగలకుండా తప్పించి కాపాడిన మనిషి. ఇతనికి ఆమె ఉన్నదన్న సంగతే తెలియదు. గుండీలు అతుక్కున్నాయట. రోజూ డ్యూటీ అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచే గుండీలు.

"గుండీలు అతుక్కుంటలేవు," అన్నది.

శ్రీశైల్ ఆమె వైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు.

"అన్నా, అది నాది. నా బోనస్‌తోని నేను కొనుక్కున్న. ఆడింది గూడ నేనే. ఆ దీపాలన్ని నేను పెట్టించిన. మీకిచ్చేటప్పుడు నన్ను ఎవ్వరు అడగలే."

మాటల్లో కోపం లేదు. బెల్టు మీద పట్టీలో ఖాళీ గుంట కనబడితే చెప్పినట్టు చెప్పింది. ప్రేమల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వేదే గాని తమ్ముడి ముఖం చూసి ఆగిపోయింది.

"దవాఖానల గీ పంచాదేందే?" అన్నది అంబమ్మ. "మనిషి బాధల పండి ఉంటే."

"ఉండు అత్తమ్మా," అన్నాడు ఖండప్ప. ఆయన నవ్వలేదు. జగదేవినే చూస్తున్నాడు. "నాకు నిన్ననే అనుమానమొచ్చింది. 'దించకుండ్రి' అన్నవు సూడు. మనం సాదిన ఎడ్లను ఇంకోడు కొడ్తుంటే గట్లనే అంటం." బామ్మర్ది వైపు తిరిగాడు. "శ్రీశైలూ, అందరికి చాయ్ పట్టుకరా పో."

శ్రీశైల్ డబ్బాను మంచం మీద పెట్టి లేచాడు. థర్మాస్ తీసుకుని బయటికి పోయాడు.

"ఇప్పుడు చెప్పు చెల్లె. ఏముంది గీ ఆటల? రెండు రోజుల సంది ఆడుతున్న. కొట్టుడు లేదు, గెలుసుడు లేదు. అయినా ఇడువబుద్ధి అయితలేదు."

ఆమెను అలా అడిగింది ఈ ఇంట్లో ఆయనే మొదట. జగదేవి కిటికీ ఊచ పట్టుకుని మొదలుపెట్టింది.

"మొదట్ల నాకు గూడ నచ్చలే అన్నా. మస్తు ఆలస్యం. ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు పోతే గంతే, ఇంకేం కాదు. పాల్ తమ్మునికి వాపస్ ఇద్దామనుకున్న. అయినంక సుడి వచ్చింది. చానసార్లు మునిగిన, అప్పటికి ముసలామె ఎక్కలే. ఒకనాడు యాష్టకొచ్చి డబ్బాను ఒళ్లె పెట్టుకొని కూసున్న. చూస్తే పడవ దాటింది." ఆమె తన చేతుల వైపు చూసుకుంది. "నా చేతులు పొద్దంత బెల్టు మీద ఆగొద్దు. ఇంటికొస్తే ఇంట్ల ఆగొద్దు. గీ ఆట ఒక్క కాడ చేతులు తీసెయ్యిమంటది. తీసేస్తేనే దాటుతవంటది. ఇంక ఎవ్వరు నాకు గట్ల చెప్పలే. గది నచ్చింది నాకు."

అంబమ్మ పేలాల సంచి మూతి కట్టుకుంటూ ఉంది. కట్టిన ముడి విప్పి మళ్లీ కట్టింది.

"ముసలామె?" అన్నాడు ఖండప్ప.

"ఆమె పోయింది."

"ఆడి చూడు. ముసలామె మునిగినంక ఏమైతదో నాకు తెల్వది, నీకు తెల్వది."

జగదేవి స్టూలు లాక్కుని కూర్చుంది. డబ్బా చేతిలోకి రాగానే వేళ్లు వాటి తావుల్లోకి వెళ్లాయి. ఖాళీ పడవను నీళ్లలోకి తోసింది. వెనక బరువు లేక పడవ అటూ ఇటూ ఊగింది. నెమ్మదిగా సుడి దగ్గరికి తెచ్చి, రెండు చేతులూ తీసి డబ్బాను మోకాళ్ల మీద పెట్టింది. ఖండప్ప మెడ చాచి చూస్తున్నాడు. ప్రేమల కూడా లేచి వచ్చింది. పడవ వంగింది, ఒక చుట్టు తిరిగింది, ఎవరో భుజం పట్టి తోసినట్టు బయటికి వచ్చింది.

"వారెవ్వా!" అన్నాడు ఖండప్ప.

ఆ మలుపు దాటాక ఒక బండ మీద ముసలామె కూర్చుని ఉంది. బతికే ఉంది. చీర కొంగు పిండుకుంటోంది. ఎప్పుడూ ఒళ్లో నుంచి దించని మూటను విప్పి ఎండకు ఆరబెట్టింది. అందులో ఒక సద్దిగిన్నె, ఒక విసనకర్ర, తమలపాకులు. జగదేవి పడవను బండకు ఆనించింది. ముసలామె తల మీద మూడు చుక్కలు వచ్చాయి. చుక్కల తర్వాత, ఇన్ని వారాల్లో మొదటిసారి, ఒక బొమ్మ వచ్చింది. ఎర్రమెట్ల ఒడ్డు. ఆమె పడవ ఎక్కింది ఆ ఒడ్డునే.

జగదేవి ఆ బొమ్మను చూసింది. ముసలామెను చూసింది. సద్దిగిన్నెను చూసింది. నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో గాని ఆపుకోలేక పైకే వచ్చేసింది.

"ఏందే, ఏందట?" అన్నది ప్రేమల.

"ఏ కష్టం లేదు వదినె ఆమెకు! నేనేమో కొడుకు సచ్చిండో, ఇల్లు మునిగిందో అని ఏడ్చుకుంట తిప్పుతున్న. ఆమె సద్ది కట్టుకొని ఊకెనే పడవెక్కింది. ఏరంత తిరిగి సూసి మళ్ల ఇంటికి పోదామని!"

ఖండప్ప పగలబడి నవ్వాడు. నవ్వుకు కాలు కదిలి 'అబ్బా' అన్నాడు, అని మళ్లీ నవ్వాడు. నర్సు వచ్చి మెల్లగా అని కసిరింది. అంబమ్మ ముందుకు వంగి, కళ్లు చిట్లించి, "ఏదీ, గా ముసల్దేనా?" అన్నది. కోడలు డబ్బాను ఆమె వైపు తిప్పింది. అంబమ్మ చాలాసేపు చూసింది. "మంచిగనే ఉన్నది," అన్నది. "పనిపాట ఇడిసిపెట్టి తిరగవోయిందన్నట్టు."

ఎండ పూర్తిగా దిగకముందే లేచారు. శ్రీశైల్ చాయ్ తెచ్చి, అందరికీ పోసి, తను తాగకుండా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఖండప్ప గేమ్ డబ్బాకు చార్జర్ వైరు చుట్టి జగదేవి ముందు పెట్టాడు. "నీది నువ్వు తీస్కపో చెల్లె. నాకు నారాజ్ ఏం లేదు."

జగదేవి తీసుకుంది. వైరు విప్పింది. మంచం పక్కనున్న ప్లగ్గులో చార్జర్ పెట్టి, డబ్బాను ఆయన దిండు పక్కన ఉంచింది.

"మీ కాలు నయమయ్యే దాక ఉండనియ్యండి అన్నా. ఇప్పుడు నేను ఇస్తున్న," అన్నది. "ముసలామెను ఎర్రమెట్ల కాడ దించేది మాత్రం నేనే. అప్పటిదాక తిప్పుండ్రి. గుండీలు జర మెల్లగ నొక్కుండ్రి."

"మెల్లగనే నొక్కుత," అన్నాడు ఆయన, చిన్న పిల్లవాడికి చెప్పినప్పుడు వాడు తలాడించినట్టు తలాడించి.

అంబమ్మ ఆ పూట కూతురి దగ్గరే ఉండిపోయింది. బండి మీద ఇద్దరే బయల్దేరారు. నౌబాద్ దారిలో చెరుకు ట్రాక్టర్ ఒకటి రెండు ట్రాలీలతో రోడ్డంతా ఆక్రమించి నడుస్తోంది. పక్క నుంచి దాటడానికి సందు లేదు. శ్రీశైల్ రెండుసార్లు హారన్ కొట్టాడు. చేసేది లేక దాని వెనకే మెల్లగా పోనిచ్చాడు. చెరుకు గడల తోకలు వాళ్ల ముఖాల ముందు ఊగుతున్నాయి. జగదేవికి అతని మెడ వెనక భాగం, చొక్కా కాలరు మీద ఎర్రదుమ్ము కనబడుతున్నాయి. అతను ఏదో ఒకటి అంటాడని, అంటే ఏమనాలో సిద్ధం చేసుకుని కూర్చుంది.

చాలాసేపటికి అతను తల కొద్దిగా పక్కకు తిప్పాడు.

"నేను చాయ్‌కి పోయినప్పుడు మీరు నవ్వుడు కిందికి గూడ ఇనొచ్చింది. ఏమైంది?"

"ముసలామె దొరికింది."

"దొరికితే నవ్వుడేంది?"

"చెప్తే ఏముంటది? ఆడితేనే ఎరికైతది."

"నా తోని కాదు." ట్రాక్టర్ మోతలో మాట సగమే వినబడింది. ఆమె ముందుకు వంగింది. "నువ్వు చెప్పింది కరెక్టే," అన్నాడు అతను. "చేతులు తీసిన. తీసినంక ఉండలేకపోయిన. నా చేతులు ఊకుండయ్."

"చూసిన."

ట్రాక్టర్ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టి పక్కకు తిరిగింది. ముందు రోడ్డు ఖాళీ అయింది. అయినా అతను వెంటనే స్పీడ్ పెంచలేదు.

"నేర్పుతవా?"

జగదేవి ఖాళీ టిఫిన్‌ను ఒళ్లో సరిచేసుకుంది. ఆ అడగడం అతనికి ఎంత కష్టమైందో ఆమెకు తెలుసు. తెలిసినా తొందరపడలేదు.

"ఖండప్పన్న ఆడుతుండు గద," అన్నది. "ఆయనది అయినంక నీ వంతు."